గూగుల్ మొదటి పేజీ కోసం సంఘం సొమ్ము ఖర్చు పెట్టే ముందు: ఒక బహిరంగ లేఖ

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల చేనేత, హస్తకళల సహకార సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు నమస్కారాలు.

చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారుచేసి వాటి బాగోగులు చూసుకోవడం నా వృత్తి. పాటూరు మగ్గాల దగ్గర నుంచి మార్కాపురం పలకల పనివారి దాకా మన సంఘాలకు ఈ మధ్య ఒకే బాణీలో కొటేషన్లు వస్తున్నాయని, వాటిలో కొన్నింటిని రాబోయే సర్వసభ్య సమావేశాల్లో ఆమోదానికి పెట్టబోతున్నారని తెలిసి ఈ లేఖ రాస్తున్నాను. మీ వెబ్‌సైటును ఆరు నెలల్లో గూగుల్ మొదటి పేజీలో నిలబెడతాం, నెలకు ఇంత ఇవ్వండి, ఆ తర్వాత ఆర్డర్లు వాటంతట అవే వస్తాయన్నది ఆ కొటేషన్ల సారాంశం. వెబ్‌సైటు వద్దని గానీ, గూగుల్‌లో కనబడడం దండగని గానీ నేను చెప్పబోవడం లేదు; అలా చెబితే నా నోటి దగ్గర కూడు నేనే తీసేసుకున్నట్టు. నా విన్నపమల్లా, గూగుల్‌లో వచ్చే ర్యాంకును సంఘానికి ఉన్న ఆస్తిగా లెక్కగట్టి, నూలు కొనుగోళ్లు, మజూరీలు, అప్పుల వాయిదాలు దాని మీద ఆధారపడేలా ప్రణాళిక వేయవద్దని. ఆ స్థానం మనది కాదు. దాన్ని ఇచ్చే కంపెనీకి మనతో ఒప్పందమేదీ లేదు, తీసేసేటప్పుడు ముందుగా చెప్పాల్సిన బాధ్యతా లేదు.

ముందుగా, మొదటి ర్యాంకు అంటే ఈనాడు ఫోను తెర మీద ఏమిటో చూద్దాం. బెంగళూరులో ఉన్న ఒకావిడ ఉదయగిరి చెక్క గరిటెలు కొనాలనుకుని, ఆ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిందనుకోండి. ఇలాంటి వస్తువుల కోసం వెతికినప్పుడు సాధారణంగా మొదట కనిపించేది స్పాన్సర్డ్ అని సన్నని అక్షరాలతో రాసి ఉన్న వరుస. అందులో బొమ్మలు, వాటి కింద ధరలు, వాటి కింద పెద్ద పెద్ద షాపింగ్ కంపెనీల పేర్లు ఉంటాయి. వేలితో పైకి తోస్తే మరికొన్ని బొమ్మలు, ఆ తర్వాత ఊరి మ్యాపు ముక్క ఒకటి, దాని కింద మూడు దుకాణాల పేర్లు, నక్షత్రాల గుర్తులు వస్తాయి. ఇంకా కిందికి వెళితే జనం తరచుగా అడిగే ప్రశ్నలంటూ నాలుగు పెట్టెలు ఎదురవుతాయి. కొన్నిసార్లు వీటన్నిటికన్నా పైనే, యంత్రం, అంటే కృత్రిమ మేధ (ఏఐ), రాసిన సమాధానం ఒక పేరా నిండా పరుచుకుని ఉంటుంది. ఇవన్నీ దాటాక అప్పుడు, డబ్బు కట్టకుండా వచ్చిన మొదటి ఫలితం కనబడుతుంది. కొటేషన్‌లో మీకు అమ్ముతున్న మొదటి ర్యాంకు అదే. కాగితం మీద అది ఒకటో స్థానమే, ఎవరూ అబద్ధమాడలేదు. కానీ ఆవిడ వేలు అక్కడిదాకా వస్తుందా అన్న పూచీ ఎవరూ ఇవ్వలేదు.

నేను లెక్కలు చూసే ఒక చీరల దుకాణం విషయంలో ఇది స్పష్టంగా కనబడింది. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా దొరికే ఒక పనిముట్టు ఉంది. మన సైటు ఎన్నిసార్లు ఫలితాల్లో కనబడింది, ఎన్నిసార్లు జనం దాని మీద నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అనే వివరాలను పదహారు నెలల వెనక్కు చూపిస్తుంది. ఆ దుకాణం గ్రాఫులో కనబడిన సార్లను చూపే గీత దాదాపు తిన్నగానే ఉంది, సగటు స్థానమూ పెద్దగా మారలేదు, నొక్కినవారిని చూపే గీత మాత్రం మెట్లు దిగినట్టు దిగిపోయింది. యజమాని తన సైటుకు ఏదో జబ్బు చేసిందనుకున్నారు. సైటుకు ఏమీ కాలేదు. దాని పైన తెర మీది చోటును వేరే సామాను ఆక్రమించింది, అంతే. ఆ నెలల్లో దుకాణానికి పాత ఖాతాదారులు ఫోను చేసి చెప్పే ఆర్డర్లు ఎప్పటిలాగే వచ్చాయన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం. దాని గురించి తర్వాత చెబుతాను.

యంత్రం రాసే ఆ సమాధానాలను గూగుల్ 2024 మే నెలలో అమెరికాలోను, అదే ఏడాది ఆగస్టులో మన దేశంలోను అందుబాటులోకి తెచ్చింది. వీటి ప్రభావం మీద అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 మార్చిలో 900 మంది బ్రౌజింగును పరిశీలించి జులైలో ఫలితాలు ప్రకటించింది. యంత్రం రాసిన సారాంశం కనబడినప్పుడు మామూలు ఫలితం మీద నొక్కింది నూటికి 8 సార్లు. సారాంశం లేనప్పుడు 15 సార్లు. సారాంశం లోపల ఇచ్చిన లింకు మీద నొక్కింది నూటికి ఒక్కసారి. అది అమెరికా లెక్క, మన కొనుగోలుదారుల అలవాట్లు వేరు, కాబట్టి ఆ అంకెలను ఇక్కడ అలాగే అతికించకూడదు. అయినా గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి అవి చాలు. మన నేతకారులు ఏళ్ల తరబడి చెప్పిన మాటలు, ఫలానా అంచు ఎలా వస్తుంది, ఫలానా చీరను ఎలా ఉతకాలి అన్నవి మన సైటులో రాసిపెడితే, వాటిని చదివి సారాంశం తయారుచేసుకునే యంత్రం చదివేవారిని మన దగ్గరికి పంపాల్సిన అవసరం లేకుండానే పని ముగించేస్తుంది.

ఇక గూగుల్ ఫలితాల వరుస ఎలా తయారవుతుందన్న సంగతి. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ కంపెనీ పెట్టినప్పుడు, ఒక పేజీకి ఎన్ని ఇతర పేజీలు, ఎంత విలువైన పేజీలు లింకు ఇస్తున్నాయో చూసి దాని యోగ్యతను అంచనా వేయడం వారి ముఖ్యమైన ఆలోచన. ఇప్పుడు లింకులతో పాటు వెతికేవారు ఏ ఊళ్లో ఉన్నారు, ఏ భాషలో అడిగారు, ఫోనులో పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటుంది, రాసిన విషయం నమ్మదగినదేనా అన్నవెన్నో లెక్కలోకి వస్తాయి. దేనికి ఎంత తూకమో కంపెనీ బయటపెట్టదు. ఏటా వేల సంఖ్యలో చిన్నాపెద్దా మార్పులు చేస్తుంది, ఏడాదికి కొన్నిసార్లు వరుస మొత్తాన్నీ కదిలించే సవరణలు విడుదల చేస్తుంది. అలాంటి సవరణ తర్వాత కిందికి జారిన పేజీలో తప్పేమీ ఉండకపోవచ్చని గూగులే ఒప్పుకుంటుంది. 2019లో ఇచ్చిన వివరణలో ఒక ఉదాహరణ కూడా చెప్పింది: 2015లో వంద మంచి సినిమాల జాబితా రాసినవారు నాలుగేళ్ల తర్వాత దాన్ని తిరగరాస్తే, కొత్తవి చేరి కొన్ని పాతవి కిందికి జరుగుతాయి, అంతమాత్రాన అవి చెడ్డ సినిమాలని కాదు. వాదనగా అది సబబైనదే. కాకపోతే కిందికి జరిగిన సినిమాకు నెలాఖరున మజూరీలు పంచాల్సిన పని ఉండదు.

గడిచిన పదిహేనేళ్ల చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన పాండా సవరణ, పసలేని పేజీలతోను ఎక్కడెక్కడివో ఎత్తిరాసిన పేజీలతోను నింపిన సైట్లను కిందికి నెట్టింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ డబ్బిచ్చి కొనుక్కున్న లింకుల మీద పడింది. 2015 ఏప్రిల్ 21 నుంచి ఫోను తెరకు ఇమడని పేజీలు ఫోను ఫలితాల్లో వెనకబడ్డాయి. 2022 ఆగస్టులో, చదివేవారికి కాక సెర్చ్ యంత్రానికి నచ్చేలా రాసిన పేజీలను పట్టుకునే మరో సవరణ వచ్చింది, 2024 మార్చిలో దాన్ని ప్రధాన విధానంలోనే కలిపేశారు. వీటిలో చాలావాటి ఉద్దేశం మంచిదే, వెతికేవారికి మేలు చేసేదే. అయితే ప్రతిసారీ, అంతకు ముందు రోజు దాకా పనిచేసిన ఉపాయమే మర్నాడు నేరమైంది, ఆ ఉపాయం అమ్మినవారు అప్పటికే బిల్లు వసూలు చేసుకుని వెళ్లిపోయారు.

పెద్ద కంపెనీలూ ఈ దెబ్బ తిన్నాయి. 2006 ఫిబ్రవరిలో బి.ఎం.డబ్ల్యు కార్ల కంపెనీ జర్మనీ వెబ్‌సైటును, సెర్చ్ యంత్రానికి ఒక పేజీ, మనుషులకు మరో పేజీ చూపించిందన్న కారణంగా గూగుల్ తన ఫలితాల నుంచి తొలగించింది. 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని జె.సి. పెన్నీ దుకాణాల కంపెనీ కొనుక్కున్న లింకుల సంగతి పత్రికలో బయటపడగానే దాని ర్యాంకులు కూలిపోయాయి. వాళ్లకు షోరూములున్నాయి, వందల దుకాణాలున్నాయి, కాబట్టి ఆ నెల అమ్మకాలు ఆగిపోలేదు.

దుకాణాలు లేనివారి కథ వేరు. బ్రిటన్‌లో ఒక దంపతులు ధరలను పోల్చి చూపే ఫౌండెమ్ అనే వెబ్‌సైటును 2006 జూన్‌లో ప్రారంభించారు. కొద్ది రోజులకే అది గూగుల్ ఫలితాల్లో అడుగుకు పోయింది. అదే సమయంలో ఇతర సెర్చ్ ఇంజన్లలో మామూలుగానే కనబడుతోంది. వాళ్లు ఊరుకోలేదు, యూరోపియన్ కమిషన్ దాకా వెళ్లారు. తన సొంత షాపింగ్ సేవను పైన పెట్టుకుని పోటీదారులను కిందికి నెట్టిందంటూ గూగుల్‌కు 2017 జూన్‌లో 242 కోట్ల యూరోల జరిమానా పడింది. కంపెనీ అప్పీళ్లకు వెళ్లగా, యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2024 సెప్టెంబరులో ఆ జరిమానాను ఖాయం చేసింది. న్యాయం గెలిచింది సరే, ఫౌండెమ్ మాత్రం 2016లోనే మూతపడింది. మన దేశంలోనూ పెళ్లి సంబంధాల వెబ్‌సైటు నడిపే ఒక కంపెనీ, ఒక వినియోగదారుల సంస్థ 2012లో ఇచ్చిన ఫిర్యాదుల మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పి, సెర్చ్ ఫలితాల్లో పక్షపాతం చూపినందుకు గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అంటే మన దేశంలో న్యాయం అడిగి మొదటి తీర్పు వినడానికే ఆరేళ్లు పట్టింది. లాయర్ల ఫీజు భరించగల కంపెనీలకే అంతకాలం పడితే, ఆడిట్ ఫీజుకే వెనకాముందాడే మన సంఘం ర్యాంకు పోయిన నాడు ఎవరి గడప తొక్కుతుంది?

ఇప్పుడు ఆ కొటేషన్లనే కాస్త దగ్గరగా చదవమని కోరుతున్నాను. నా దగ్గరికి వచ్చి చూపించినవాటిలో ఒకదానికి జతచేసిన జాబితాలో పది కీవర్డులు, అంటే వెతికేవారు టైపు చేసే మాటలు, ఉన్నాయి, అవన్నీ మొదటి పేజీకి వస్తాయని హామీ ఉంది. వాటిలో ఒకటి తెలుగులోకి మారిస్తే ఇలా ఉంటుంది: నెమలి పిడి ఉన్న చేతితో చేసిన ఉదయగిరి చెక్క వడ్డన గరిటె నెల్లూరు జిల్లా. ఈ మాటలన్నీ ఈ వరుసలో టైపు చేసే మనిషి భూమ్మీద ఉంటారా? ఎవరూ వెతకని మాటకు పోటీ ఉండదు, పోటీ లేని చోట ఒకటో స్థానం రావడానికి ఎవరి ప్రతిభా అక్కర్లేదు. ఆరో నెలలో తెర ఫొటో తీసి పంపిస్తారు, అందులో సంఘం పేరు మొదట కనబడుతుంది, షరతు నెరవేరినట్టే లెక్క. అమ్మకాల పుస్తకంలో మాత్రం ఒక్క పంక్తి కూడా పెరగదు. గూగుల్‌లో మొదటి ర్యాంకుకు ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన అధికారిక మార్గదర్శకాల్లో రాసిపెట్టింది. గ్యారంటీ అన్న మాట కొటేషన్‌లో కనబడిన వెంటనే కాగితం పక్కన పెట్టడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

ఆ కొటేషన్‌లోనే నెలకు ఇన్ని బ్యాక్‌లింకులు, అంటే ఇతర సైట్ల నుంచి మన సైటుకు లింకులు, ఇస్తామని ఒక పద్దు ఉంది. ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే సరైన జవాబు రాదు. విదేశీ జూదం సైట్ల పక్కన, ఎవరూ చదవని డైరెక్టరీల అడుగున మన చీరల పేరు వేలాడదీసి లింకులంటారు. ఇలా కొన్న లింకులనే పెంగ్విన్ మొదలుకొని ఇప్పటి దాకా ఎన్నో సవరణలు వేటాడుతున్నాయి. వచ్చిన చిక్కేమిటంటే, ఆ శిక్ష పడేసరికి కాంట్రాక్టు గడువు అయిపోతుంది. చెడ్డ లింకులను మావి కావని చెప్పుకునే సౌకర్యం 2012 అక్టోబరు నుంచి ఉంది గానీ, ఏది చెడ్డదో ఏరి జాబితా తయారుచేసే పనికి మళ్లీ మరొకరికి డబ్బివ్వాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి కొటేషన్‌లో ఎక్కడా కనబడదు. వెబ్‌సైటు చిరునామా, అంటే డొమైన్, ఎవరి పేరున రిజిస్టరు అవుతుంది? మన దేశపు డాట్ ఇన్ చిరునామా మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు, మేమే కొనిపెడతామని కాంట్రాక్టరు అంటే సరేనంటారు. రిజిస్ట్రేషన్‌లో ఆయన పేరు, ఆయన మెయిలు, ఆయన ఫోను ఉంటాయి. మ్యాపులో కనిపించే దుకాణం వివరాలకూ ఆయనే ప్రైమరీ ఓనర్ అవుతారు, సంఘం కార్యదర్శికి మేనేజరు హోదా కూడా ఉండదు. మాటామాటా పెరిగి కాంట్రాక్టు రద్దయిన రోజున, జనం రాసిన మంచి మాటలు, నక్షత్రాలు, ఏళ్లుగా వచ్చిన పేరు అన్నీ ఆయన చేతిలో ఉండిపోతాయి. మగ్గాలున్న షెడ్డును బినామీ పేరు మీద రాయించడానికి ఏ పాలకవర్గమూ ఒప్పుకోదు. ఇక్కడ మాత్రం చూసీ చూడకుండా సంతకం పెట్టేస్తున్నాం.

అయినా అందరూ అక్కడే వెతుకుతున్నారు కదా, అక్కడ లేకపోతే ఎలా అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. నిజమే. మన దేశంలో సెర్చ్ అంటే నూటికి తొంభైకి పైగా గూగులే. ఎక్కడో పుణేలో ఉన్న మనిషి మన గరిటె గురించి పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవడం చిన్న విషయం కాదు. అందుకే సైటు శుభ్రంగా ఉండాలి, ఫోనులో త్వరగా తెరుచుకోవాలి, వస్తువు ఫొటో, ధర, సంఘం చిరునామా, ఫోను నంబరు మొదటి తెర మీదే కనబడాలి. ఇందుకయ్యే ఖర్చును నేను కాదనను. హైవే మీద బైపాస్ పడకముందు ఊరి మధ్య రోడ్డు పక్క హోటలు పెట్టినవారు లారీల గిరాకీని తమ వంటకు దక్కిన గౌరవంగానే అనుకుని ఉంటారు; రోడ్డు ఊరి బయటకు మళ్లాక వంట అదే, గిరాకీ వేరు. అప్పుడు నిలిచింది ఊళ్లోవాళ్లు పేరు పెట్టి వెతుక్కుంటూ వచ్చే హోటళ్లే.

పేరు పెట్టి వెతకడం అన్నదాన్ని కొంచెం వివరిస్తాను, ఎందుకంటే కాంట్రాక్టర్లు ఈ తేడాను ఎప్పుడూ విడదీసి చూపరు. వెంకటగిరి చీర అని వెతికే మనిషి, ఫలానా సంఘం వెంకటగిరి చీరలు అని వెతికే మనిషి ఒకరు కాదు. (2022 పునర్వ్యవస్థీకరణలో వెంకటగిరి తిరుపతి జిల్లాకు వెళ్లింది గానీ, చీర మాట వచ్చేసరికి నెల్లూరు వాళ్లం ఇంకా మనదనే మాట్లాడతాం.) మొదటి మనిషి కోసం దేశంలోని పెద్ద కంపెనీలన్నీ ప్రకటనల డబ్బు పోస్తాయి. వెంకటగిరి చీరకు, ఉదయగిరి చెక్క గరిటెలకు ఆ ప్రాంతపు సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) ఉన్నా, సెర్చ్ ఇంజన్ ఆ గుర్తింపు కాగితం చూసి వరుస వేయదు. మిల్లులో అచ్చేసిన చీరకు వెంకటగిరి డిజైన్ అని పేరు తగిలించి అమ్మేవాడూ అదే వరుసలో, ఒక్కోసారి మనకంటే పైన నిలబడతాడు. ఆ పోరు మన సంఘాల శక్తికి మించినది, అది 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద గుర్తింపు పొందినవారూ ప్రభుత్వమూ కలిసి చేయాల్సినది. రెండో మనిషి మాత్రం ఇప్పటికే మన పేరు తెలిసి వస్తున్నారు. ఆ మనిషి విషయంలో ఏ సవరణ వచ్చినా మన సైటు సాధారణంగా పైనే ఉంటుంది, ఎందుకంటే ఆ పేరుకు మరొక జవాబు లేదు. సెర్చ్ కన్సోల్‌లో ఈ రెండు రకాల మాటలను విడివిడిగా చూడొచ్చు. సంఘం పేరుతో వెతికేవారి సంఖ్య ఏడాదికేడాది పెరుగుతోందా లేదా అన్నది పాలకవర్గం ప్రతి సమావేశంలో అడగదగ్గ ప్రశ్న; మొత్తం ట్రాఫిక్, అంటే సైటుకు వచ్చేవారి సంఖ్య, ఎంత అన్నది అంత పనికొచ్చే ప్రశ్న కాదు.

ఇదంతా వెబ్‌సైట్లవాళ్ల గొడవ కదా అనుకోవద్దు. నష్టం వచ్చేది మగ్గం దగ్గర. సైటుకు జనం ఎక్కువగా వచ్చిన మూడు నాలుగు నెలల అమ్మకాలను చూసి, ఏడాదంతా ఇలాగే ఉంటుందనుకుని నూలు, జరీ అప్పుకు తెచ్చి, అదనపు మగ్గాలకు పని ఒప్పజెబితే, ఆ తర్వాత ఒక సవరణ వచ్చి జనం సగమైనా కూడా నూలు వ్యాపారి బాకీ సగం కాదు. వెబ్‌సైటుకు ట్రాఫిక్ తగ్గితే వెబ్‌సైటు ఆకలితో పడుకోదు. సగం నేసిన చీరను మగ్గం మీద వదిలి కూర్చున్న ఇంటికి మజూరీ ఎప్పుడిస్తారన్న ప్రశ్నకు కార్యదర్శి జవాబు చెప్పాలి. అందుకే సెర్చ్ ద్వారా వచ్చే ఆర్డర్లను బడ్జెట్‌లో విడిగా, అదనపు రాబడిగా చూపాలని, అవి ఒక నెల పూర్తిగా ఆగినా మజూరీలు చెల్లించగలిగే మేరకే పని ఒప్పజెప్పాలని నా మనవి. నియమంగా తీర్మానం చేసుకుంటే ఇంకా మంచిది.

ఇక పైన చెప్పిన దుకాణానికి ఫోను ఆర్డర్లు ఎందుకు ఆగలేదో చెబుతాను. ఆ యజమాని కొన్న ప్రతి మనిషి పేరు, ఫోను నంబరు, ఏ చీర కొన్నారు, ఎవరికోసం కొన్నారు అన్నవి మామూలు చేతి పుస్తకంలో రాసుకుంటారు. సంక్రాంతికి ముందు, శ్రావణ మాసానికి ముందు కొత్త సరుకు వచ్చిందని ఒక్కొక్కరికీ కబురు పెడతారు. పార్శిలులో తన నంబరు అచ్చేసిన చిన్న కార్డు పెడతారు. ఆయన వ్యాపారంలో గూగుల్ తీసుకుపోలేని భాగం అదొక్కటే. మన సంఘాలకు ఎన్నో ఏళ్లుగా ఎగ్జిబిషన్లలో కొన్నవారున్నారు, ఉదయగిరి వచ్చి స్వయంగా గరిటెలు కొనుక్కుపోయినవారున్నారు, రొట్టెల పండగకు బారాషహీద్ దర్గాకు వచ్చి స్టాలు దగ్గర ఆగినవారున్నారు. వారి నంబర్లు మన దగ్గర లేవు, ఎందుకంటే రసీదు పుస్తకంలో ఆ గడి లేదు.

నంబర్లు తీసుకునేటప్పుడు అడిగి, ఎందుకో చెప్పి, వారి అంగీకారంతోనే తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కోరేదీ అదే, మర్యాదా అదే. వాట్సాప్ గురించి ఒక మాట. అదీ పరాయి ఇల్లే. ఒకేసారి వందల మందికి సందేశాలు పంపితే ఖాతా ఆగిపోవచ్చు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను కేంద్ర ప్రభుత్వం నిషేధించిన రోజున దాని మీదే సరుకు చూపించి అమ్ముకుంటున్నవారికి చూసేవాళ్లంతా ఒక్క రాత్రిలో పోయారు, నంబర్లు రాసుకున్నవారు మాత్రం మర్నాడు ఫోను చేయగలిగారు. కాబట్టి జాబితా అసలు ప్రతి సంఘం దగ్గరే, సంఘం కంప్యూటర్లో, వీలైతే కాగితం మీద కూడా ఉండాలి. వాట్సాప్, మెయిలు, ఉత్తరం ఇవన్నీ దాన్ని వాడుకునే దారులు మాత్రమే. ఆప్కో, లేపాక్షి ఎంపోరియంల ద్వారా జరిగే అమ్మకాలను పాతకాలపు పద్ధతని తక్కువ చేయడం నాకు నచ్చదు. వాటి చెల్లింపుల ఆలస్యం గురించి మీకున్న కోపం న్యాయమైనదే అయినా, అవి గూగుల్‌తో నిమిత్తం లేని మార్గాలు. వేర్వేరు యాప్‌లలో అమ్మేవారిని, కొనేవారిని కలిపేందుకు కేంద్రం ప్రోత్సాహంతో 2022లో మొదలైన ఓ.ఎన్.డి.సి. నెట్‌వర్కులోనూ ఒకసారి సరుకు పెట్టి చూడవచ్చు, దాన్నీ ఏకైక దిక్కుగా మాత్రం చేసుకోకుండా.

ఇంత చెప్పినా కొన్ని సంఘాలు బయటివారికి ఈ పని అప్పగించక తప్పకపోవచ్చు. అలాంటప్పుడు డొమైన్ సంఘం పేరు మీద, సంఘం మెయిలుతో, సంఘం ఖాతా నుంచి కట్టిన డబ్బుతోనే రిజిస్టరు కావాలి. సెర్చ్ కన్సోల్‌లోను, మ్యాపు వివరాల్లోను యజమాని హోదా సంఘానిదై, కాంట్రాక్టరు మేనేజరుగా మాత్రమే చేరాలి, పని ముగిసిన రోజున ఆ పేరు తీసేసే వీలు కార్యదర్శి చేతిలో ఉండాలి. చెల్లింపు ర్యాంకుకు కాక చేసిన పనికి ముడిపడాలి: ఇన్ని వస్తువుల ఫొటోలు, ఇన్ని పేజీల రాత, సైటు ఇంత వేగం. ఏ సైటు నుంచి లింకు తెచ్చినా దాని చిరునామా నెలనెలా రాతపూర్వకంగా ఇవ్వాలి. డబ్బిచ్చి లింకులు కొనకూడదన్న షరతు కాంట్రాక్టులో అక్షరాలా ఉండాలి. ఈ షరతులకు ఒప్పుకునేవారు మన జిల్లాల్లోనే ఉన్నారు, వారి కొటేషన్ కాస్త ఎక్కువే ఉంటుంది.

సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ అంశం పెట్టే ముందు కొటేషన్‌తో పాటు కీవర్డుల జాబితాను, డొమైన్ రిజిస్ట్రేషన్ ప్రతిని సభ్యులందరికీ చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాను. ఇప్పటికే వెబ్‌సైటు ఉన్న సంఘాలు, చిరునామా ఎవరి పేరున ఉందో ఈ నెలలోనే తేల్చుకోవాలి; కాంట్రాక్టరు పేరున ఉంటే గడువు ముగిసేలోగా, మాటలు బాగున్నప్పుడే, సంఘం పేరుకు మార్పించుకోవాలి. మార్పిడికి ఏమేం కాగితాలు కావాలో, సెర్చ్ కన్సోల్‌లో సంఘం పేరుతో వచ్చేవారిని విడదీసి ఎలా చూడాలో ఏ సంఘం పిలిచినా వచ్చి కార్యదర్శి పక్కన కూర్చుని చూపిస్తాను, దానికి ఫీజు అక్కర్లేదు.

ఇట్లు,
వెబ్‌సైట్ల నిర్వహణ వృత్తిలో ఉన్న ఒకరు,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు.